నమూనా ఓడల నిర్మాణానికి తగిన కలప : జైనూర్ ప్రాంతపు పొలంగట్ల చెట్లు

ఉపోద్ఘాతం

కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ మండలం నుండి సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఇక్కడి రైతుకు ఓడతో పని లేదు. అయినప్పటికీ ఈ గుట్టల మధ్య పారే వాగుల నీరు చివరకు గోదావరిలోనే కలుస్తుంది. ఆ గోదావరి గౌతమీ శాఖ సముద్రాన్ని చేరే చోట కోరంగి రేవు ఉండేది. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలు కొయ్య ఓడల నిర్మాణానికి పేరొందినవి. గోదావరి ఎగువ అడవులలో కొట్టిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి నదిపై దిగువకు తేలవేసేవారు. 1839 నవంబరు తుఫాను కోరంగిని తీవ్రంగా దెబ్బతీసినది. బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలవడంలో ఆ రేవు పేరు మిగిలినది. తెలుగు నేలపై ఓడ బొమ్మ కూడా పాతదే. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది.

ఇటువంటి ఓడలు, ధోనీలు, మసులా పడవల రూపాలను చిన్న కొలతలో తిరిగి నిర్మించే పని నేడు ప్రదర్శనశాలలకు, పాఠశాలలకు, అభిరుచి గల వ్యక్తులకు అవసరమవుతున్నది. కొయ్యపనికి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా కొత్తది కాదు. నిర్మల్ కొయ్యబొమ్మలు దేశమంతటా తెలిసినవే. జైనూర్ మండలంలోనే ఉషేగాం ఓజా కళాకారుల డోక్రా లోహశిల్పాలు చేతిపనికి విలువ ఉన్నదని చూపుతున్నవి. అయితే నమూనా ఓడ నిర్మాణంలో తొలి ప్రశ్న కలప ఎంపిక. దీనికి అలవాటుగా వచ్చే సమాధానం టేకు లేదా జిట్రేగి. ఆ సమాధానం చాలవరకు సరికాదని, నమూనా ఓడకు తగిన కలప పత్తి చేల గట్లపై వంటచెరకుగా కొట్టివేస్తున్న చిన్న చెట్లలోనే ఉన్నదని ఈ వ్యాసంలో వివరించడమైనది.

‘గట్టి కలప’ అనగా ఏమి?

కలప వ్యాపారంలో ‘గట్టి కలప’, ‘మెత్త కలప’ అనే విభజన చేతికి తగిలే గట్టిదనాన్ని బట్టి ఏర్పడినది కాదు. ద్విదళబీజ జాతికి చెందిన వెడల్పాకు చెట్ల కలపను గట్టి కలప అని, దేవదారు, పైన్ వంటి శంకువృక్షాల కలపను మెత్త కలప అని వ్యవహరిస్తారు. అందుచేత నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి (గివోటియా జాతి) వృక్షశాస్త్రరీత్యా గట్టి కలపయే అయినను, గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉంటుంది. కనుక ఎంపికకు పేరు ఆధారం కాజాలదు. దారునిర్మాణం, సాంద్రత, తేమతో వచ్చే సంకోచం అనే మూడు గుణాలను పరిశీలించవలెను.

కొలతయే కలపను నిర్ణయించును

నమూనా ఓడలను సాధారణంగా 1:48, 1:64, 1:96 వంటి నిష్పత్తులలో నిర్మిస్తారు. 1:48 నిష్పత్తిలో నమూనాపై ఒక మిల్లీమీటరు అసలు ఓడపై 48 మిల్లీమీటర్లకు సమానం. కలపకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

టేకు వలయరంధ్ర దారువు. ప్రతి వార్షిక వలయపు ఆరంభంలో పెద్ద దారునాళాలు వరుసగా ఏర్పడతాయి. వాటి వ్యాసం 0.3 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. దీనిని 48తో హెచ్చిస్తే 14 మిల్లీమీటర్లు దాటుతుంది. అనగా టేకుతో చేసిన నమూనా ఓడ పలకలపై చిటికెనవ్రేలి కొన పట్టేంత తూట్లున్నట్లు కంటికి తోచును. పెద్ద ఓడకు టేకును మించిన కలప లేదనుటలో సందేహం లేదు. నీటిని, చెదలను తట్టుకోవడం, తక్కువగా ముడుచుకోవడం, సహజ తైలం కలిగి ఉండడం దాని ప్రత్యేకతలు. అద్దాల పెట్టెలో ఉండే నమూనాకు నీటి భయం లేదు. అక్కడ టేకు గుణాలు వృథా కాగా, దాని లోపాలు మాత్రం బయటపడతాయి. తైలం వలన జిగురు సరిగా పట్టదు. కలపలోని సిలికా వలన ఉలి, చిత్రికల పదును త్వరగా పోతుంది.

ఐరోపాలో నమూనా ఓడల నిర్మాతలు తరతరాలుగా బాక్స్‌వుడ్, పియర్, హాలీ వంటి కలపలను కోరుకొనడానికి కారణం ఇదే. అవి పెద్ద మాన్లు కావు. వాటి నాళాలు భూతద్దం లేనిదే కనిపించనంత సన్నవి. పోగు సమంగా ఉండుటచే సన్నని అంచు విరగక నిలుస్తుంది. మన అడవులలోను, గట్లపైన ఇటువంటి గుణాలు గల జాతులు ఉన్నవి.

ఓడ భాగములకు తగిన స్థానిక జాతులు

1. పెద్దబిక్కి (గార్డీనియా లాటిఫోలియా): చిన్న చెట్టు. కలప లేత పసుపు వన్నెలో, అతి సన్నని, సమమైన పోగుతో ఉంటుంది. మన దేశంలో బాక్స్‌వుడ్‌కు ప్రత్యామ్నాయంగా గుర్తింపు పొందినది. కప్పీలు, చిన్న స్తంభాలు, ఓడ ముందుభాగపు చెక్కడాలు వంటి సూక్ష్మమైన పనులకు తగినది. మాను సన్నగా ఉండుట ఇంటి దూలానికి లోపమే గాని, గోటి పరిమాణపు కప్పీకి లోపం కాదు.

2. అంకుడు లేదా తెడ్లపాల (రైటియా టింక్టోరియా): దంతపు తెలుపు కలప. ఏటికొప్పాక లక్కబొమ్మలు తరిమెన పట్టేది దీనితోనే. పైతట్టు పలకలకు, చెక్కిన బొమ్మలకు అనువైనది. కొట్టిన వెంటనే కోసి నీడలో ఆరబెట్టనిచో బూజు పట్టి నీలి మచ్చలు ఏర్పడతాయి. అప్పుడు తెలుపుదనం పోవును.

3. పసుపుకదంబ (హాల్డినా కార్డిఫోలియా): పెద్ద చెట్టు. పచ్చిగా ఉన్నప్పుడు పసుపు వన్నెలో ఉండి, కాలక్రమేణా ఎర్రని గోధుమ వన్నెకు మారుతుంది. పోగు సన్నగా, సమంగా ఉండుటచే ఓడ పక్కపలకలకు ఉత్తమం. ఒకే దుంగ నుండి అన్ని పలకలను తీసినచో రంగు ఒకే తీరున మారును.

4. బిల్లుడు (క్లోరోజైలాన్ స్వీటీనియా): మిక్కిలి గట్టి కలప, పట్టువంటి మెరుపు. వెన్నుదూలానికి, అంచు కమ్మీలకు తగినది. మేకు దిగకొట్టితే చీలుతుంది గనుక ముందుగా రంధ్రం చేయవలెను. దీని పొడి కొందరికి చర్మంపై దద్దుర్లు కలిగిస్తుంది. ముఖానికి గుడ్డ, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి.

5. తునికి (డయోస్పైరాస్ మెలనోజైలాన్): తునికాకు కొరకు అందరికీ తెలిసిన చెట్టు. ముదురు చెట్ల నడుమ మాత్రమే నల్లని చేవ ఏర్పడుతుంది. ఓడ పక్కన నల్లని పట్టీలకు రంగు పూయకుండా దీనిని వాడవచ్చును. ఆకు ఆదాయమిచ్చే చెట్టును ఈ పనికై కొట్టరాదు. ఎండిన, గాలికి కూలిన చెట్ల చేవ చాలును.

6. చరచి (గ్రూవియా టిలిఫోలియా), చిరుమాను (అనోజీసస్ లాటిఫోలియా): సాగుడు గుణం గల కలపలు. కావడి బద్దలకు, గొడ్డలి పిడులకు వాడుట గ్రామాలలో ఎరిగినదే. తెరచాప కొయ్యలకు, వంచవలసిన బద్దలకు ఇవి అనుకూలం. తెరచాప కొయ్యకు కావలసిన బద్దను రంపంతో కోయక, పోగు వెంబడి చీల్చి తీయవలెను. చీల్చిన బద్దలో నారలు కొన నుండి కొన వరకు తెగకుండా ఉంటాయి గనుక అది వంకర పోదు.

7. గుమ్మడిటేకు (మెలైనా ఆర్బోరియా): తేలికైనది, ముడుచుకొనుట తక్కువ, ఉలికి సులభంగా లొంగును. నాళాలు కొంత పెద్దవి కనుక బయటికి కనిపించే భాగాలకు కాక, లోపలి చట్రానికి, పక్కటెముకలకు వాడవలెను.

8. పొనికి: పలకలు అతికేముందు ఓడ ముందు, వెనుక భాగాలలో ఒంపు కొరకు నింపే దిమ్మెలకు సరిపోవును. సన్నని అంచు నిలువదు గనుక బయటి భాగాలకు పనికిరాదు.

జిట్రేగి (డాల్బెర్జియా లాటిఫోలియా) అందమైనదే గాని నాళాలు పెద్దవి. 2017 నుండి డాల్బెర్జియా జాతులన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేరినవి. నమూనా ఓడకు దీని అవసరం లేదు.

వీటికి తోడు పండ్లతోటలను మరువరాదు. దిగుబడి తగ్గి తొలగించే జామ, నిమ్మ, బత్తాయి చెట్ల కలప దట్టమైన, సన్నని పోగు గలది. కత్తిరింపులలో వచ్చే చేతిమణికట్టంత కొమ్మ కూడా కప్పీలకు, చిన్న అమరికలకు చాలును. దీనికి అడవిపై ఆధారపడవలసిన పని లేదు.

రైతు స్వయంగా చేయగల పరీక్షలు

నాళాల పరీక్ష: కలప కొనను పదునైన కత్తితో నునుపుగా కోసి, తడిపి, పది రెట్లు చూపే భూతద్దంతో చూడవలెను. నాళాలు భూతద్దం లేకుండానే చుక్కలవలె కనిపించినచో ఆ కలపను లోపలి భాగాలకే ఉంచవలెను.

సాంద్రత పరీక్ష: అన్ని వైపులా సమానమైన మందం గల 10 సెంటీమీటర్ల ఎండు బద్దను సన్నని గాజు జాడీలోని నీటిలో నిలువుగా వదలవలెను. ఎంత భాగం మునిగినదో అదే దాని విశిష్ట సాంద్రత. 6.5 సెంటీమీటర్లు మునిగితే 0.65. ఇది ఇంచుమించు టేకు సాంద్రత. బద్ద నీరు పీల్చకముందే కొలత తీసుకొనవలెను. గుమ్మడిటేకు 0.5 సమీపంలో ఉండగా, బిల్లుడు దాదాపు పూర్తిగా మునుగును.

తేమ పరీక్ష: చిన్న ముక్కను తూచి, 103 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు మారనంత వరకు ఆరబెట్టి తిరిగి తూచవలెను. తగ్గిన బరువును పొడి బరువుతో భాగించి నూటితో హెచ్చిస్తే తేమ శాతం వచ్చును. ఉదాహరణకు 62 గ్రాముల ముక్క 50 గ్రాములకు దిగినచో తేమ 24 శాతం. నమూనా పనికి ఇది 10 నుండి 12 శాతానికి దిగవలెను. ఓవెన్ లేనివారు అట్టిలోని ఒక గుర్తు ముక్కను వారానికొకసారి తూచి, వరుసగా మూడు వారాలు బరువు మారనప్పుడు పనికి తీసుకొనవచ్చును.

ఆరుదల : నమూనా నిలిచేదీ పగిలేదీ ఇక్కడనే

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రదర్శనకై ఈ వ్యాసకర్త వానాకాలంలో ఒక నాటుపడవ నమూనాను చేయించడం జరిగినది. పనితనంలో లోపం లేదు. దసరా నాటికి చక్కగా ఉన్న ఆ పడవ మే నెలలో పలకలు విడిపోయి వెలుతురు కనిపించసాగినది. తప్పు వడ్రంగిది కాదు. పూర్తిగా ఆరని కలపను తెచ్చి ఇచ్చినది ఈ వ్యాసకర్తయే. కారణాన్ని లెక్కతో చూడవచ్చును.

కలపలోని తేమ సుమారు 30 శాతం కంటె తగ్గినప్పటి నుండి సంకోచం మొదలవుతుంది. నారల వెంబడి పొడవున ఈ సంకోచం లెక్కకు రానంత స్వల్పం. వలయాలకు అడ్డంగా, అనగా దవ్వ నుండి బెరడు దిశగా, టేకులో మొత్తం సంకోచం సుమారు 2.5 శాతం. వలయాల వెంబడి సుమారు 5 శాతం. వానాకాలంలో 16 శాతం తేమతో ఉన్న కలప మే నెలలో 6 శాతానికి దిగినదనుకొందము. తేడా 10. పక్కపక్కన అతికిన పలకల మొత్తం వెడల్పు 100 మిల్లీమీటర్లయితే, వలయాల వెంబడి కోసిన పలకలలో సంకోచం 100 × 0.05 × 10/30, అనగా సుమారు 1.7 మిల్లీమీటర్లు. 1:48 నిష్పత్తిలో ఇది అసలు ఓడలో 80 మిల్లీమీటర్ల సందుతో సమానం. నిజమైన ఓడయితే మునిగిపోవును. దుంగను దవ్వ దిశగా కోసి తీసిన పలకలలో ఈ సంకోచం సగానికి తగ్గును. టేకు వంటి స్థిరమైన కలపలోనే ఇట్లున్నప్పుడు ఇతర కలపల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఈ కారణంగా క్రింది పద్ధతి పాటించవలెను. చెట్టును ఆకు రాలిన చలికాలంలో కొట్టవలెను. దుంగ రెండు కొనలకు మైనం లేదా చిక్కని రంగు పూయవలెను. లేనిచో కొనలు ముందుగా ఆరి పగుళ్ళు లోపలికి ప్రాకును. వారంలోపు పలకలుగా కోసి, నేల నుండి ఒకటిన్నర అడుగుల ఎత్తున, పలకకు పలకకు మధ్య సమాన మందపు బద్దలనుంచి, గాలి ఆడే నీడలో అట్టి పేర్చవలెను. ఎండ తగలరాదు, వానజల్లు పడరాదు. పైన బరువు ఉంచినచో పలకలు వంగవు. తెల్లని కలపలకు పుప్పిపురుగు బెడద ఎక్కువ. రసదారువులోని పిండిపదార్థమే దానికి ఆహారం. బోరిక్ ఆమ్లం ఒక పాలు, బోరాక్స్ ఒకటిన్నర పాళ్ళు కలిపిన ద్రావణంలో పచ్చి పలకలను ముంచి తీసినచో రక్షణ కలుగును. పనిని వేసవి ఆరంభంలో మొదలుపెట్టి వానలకు ముందే పలకలు అతికి, లోపల, వెలుపల మెరుగునూనె పూసినచో తేమ రాకపోకలు మందగించును. టేకు వాడక తప్పని చోట అతికే ముఖాన్ని స్పిరిట్‌తో తుడిచి, వెంటనే జిగురు పూయవలెను.

గట్లపై చెట్లను నిలుపుట

ఇప్పటివరకు చెప్పిన జాతులలో అధికభాగం జైనూర్, సిర్పూర్ (యు), కెరమెరి, ఉట్నూర్ ప్రాంతాల ఆకురాల్చు అడవులకు సహజమైనవే. అడవి నుండి కలప తెచ్చుట చట్టరీత్యా నేరం. 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించిన చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో కలప చేరదు. సొంత పొలంలోని చెట్టుకు కూడా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం నరికేందుకు ముందస్తు అనుమతి పొందవలెను. కనుక భవిష్యత్తు గట్లపైనే ఉన్నది. పత్తి విస్తరించిన కొలది ట్రాక్టరు తిరుగుటకు వీలుగా గట్లను సన్నగించి, అంకుడు, బిక్కి వంటి చెట్లను ‘పనికిరాని పొదలు’గా భావించి తొలగించుట ఈ ప్రాంతంలో సాధారణమైనది. ఒకసారి పోయిన బిక్కి మాను తిరిగి పనికివచ్చేంతగా పెరుగుటకు రైతు జీవితకాలంలో పెద్దభాగం పట్టును.

కొత్తగా నాటుట కంటె ఉన్నవాటిని నిలుపుట సులభం. అంకుడు మోడు నుండి బాగా చిగురిస్తుంది. చిగుళ్ళలో నిటారుగా ఉన్న ఒకటి రెంటిని ఉంచి తక్కినవి తీసివేసినచో తిన్నని కాండం లభించును. పక్కకొమ్మలను చెట్టు ఎత్తులో మూడవ వంతు వరకు మాత్రమే, చిన్నవిగా ఉన్నప్పుడే, కాండానికి దగ్గరగా కత్తిరించవలెను. ఆలస్యం చేసినచో కలపలో ముడులు మిగిలి నమూనా పనికి పనికిరాకుండా పోవును. నీడ సమస్య ఉన్నచోట చెట్లను పొలానికి ఉత్తరపు గట్టున, బాట లేదా వాగు పక్కన నిలుపుట మేలు. చలికాలపు నీడ ఉత్తరం వైపు పడును గనుక రబీ పైరుకు హాని తక్కువ. వేర్ల పోటీ తగ్గించుటకు మొదలుకు మీటరు దూరంలో పైరు వైపు రెండడుగుల లోతు కందకం తీసి, రెండు మూడేళ్ళకొకసారి పునరుద్ధరించవలెను.

త్వరితంగా ఆదాయం కోరే రైతు గట్టుపై 4 నుండి 5 మీటర్ల ఎడంలో గుమ్మడిటేకు నాటి, వాటి నడుమ నిదానంగా పెరిగే పసుపుకదంబ, బిక్కి మొక్కలను ఉంచవచ్చును. గుమ్మడిటేకు కోతకు వచ్చిన పిదప రెండవ వరుస చెట్లకు వెలుతురు అందును. పొనికి విషయం వేరు. దాని గింజ పెంకు మిక్కిలి గట్టిది గనుక మొలక శాతం తక్కువ. పెంకును జాగ్రత్తగా పగులగొట్టుట లేదా గీరుట వంటి పద్ధతులతో నారుమళ్ళలో మొక్కలను పెంచి ఇవ్వవలసిన బాధ్యత పరిశోధనా సంస్థలపై ఉన్నది. బొమ్మల కళాకారులకు పొనికి కొరత ఏనాటి నుండో ఉన్నదే. ఇప్పచెట్టు మాత్రం ఎటువంటి పరిస్థితిలోనూ ఈ లెక్కలోకి రారాదు. పువ్వు, గింజ ద్వారా ఏటా ఫలితమిచ్చుటయే గాక, ఇక్కడి గిరిజనుల ఆచారాలలో దాని స్థానం పెద్దది.

విలువ లెక్క

వంటచెరకుగా పోయే అంకుడు మాను కట్టెల మోపు ధర తెచ్చును. అదే మాను నీడలో ఆరి, 5 మిల్లీమీటర్ల బద్దలుగా కోయబడినచో కలపను తూకంతో గాక ముక్కలతో అమ్మవచ్చును. అడుగు పొడవు నమూనా ఓడకు కావలసిన కలప రెండు చేతులలో ఇమిడేంత మాత్రమే. అందుచే ఈ వృత్తి వలన చెట్లపై ఒత్తిడి స్వల్పం. ఒక చెట్టుతో అనేక నమూనాలు తయారగును. గ్రామ వడ్రంగికి చిత్రిక, సన్నపళ్ళ రంపం, భూతద్దం, చిన్న తరిమెన ఉన్నచో పని మొదలుపెట్టవచ్చును. మిగిలిన రంపపు పొడి కూడా వృథా కాదు. నిర్మల్ కళాకారులు రంపపు పొడిని చింతగింజల పిండి జిగురుతో కలిపి అతుకులు, సందులు పూడ్చే పద్ధతి నమూనా ఓడలోపలి భాగాలకు చక్కగా వర్తించును.

ముగింపు

నమూనా ఓడకు కలపను చెట్టు ఖ్యాతిని బట్టి గాక, ఓడ భాగం చేసే పనిని బట్టి, నమూనా కొలతను బట్టి ఎంచుకొనవలెను. ఆ దృష్టితో చూచినచో టేకు, జిట్రేగి వెనుకకు పోయి, బిక్కి, అంకుడు, పసుపుకదంబ ముందుకు వచ్చును. వీటిని బాగుగా ఆరబెట్టుట నమూనా ఆయుష్షును నిర్ణయించును. వీటిని గట్లపై నిలుపుట ఈ వృత్తి ఆయుష్షును నిర్ణయించును. వచ్చే వేసవి దుక్కికి ముందు రైతు సోదరులు తమ గట్టుపై ఉన్న ప్రతి చిన్న చెట్టు కొమ్మను ఒకటి కోసి, కొనను తడిపి భూతద్దంతో చూడగోరుతున్నాము. నాళాలు కనిపించనంత సన్నగా ఉన్నచో ఆ చెట్టుకు ఒక గుర్తు కట్టి, గొడ్డలిని పక్కన పెట్టవలెను.